బేరింగు మార్చేస్తే సరా?

పడవలు బాగుచేసే వాళ్ళ దగ్గర ఒక పాత పాట ఉంటుంది. "షాఫ్టు ఊగుతోందా? బేరింగు అరిగింది, కొత్తది వేసేద్దాం." అంతే సంగతులు. ఎందుకు అరిగింది, ఎటువైపు అరిగింది అని మాత్రం అడక్కూడదు. అడిగితే మనల్ని వింత జంతువుని చూసినట్టు చూస్తారు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే.

మెకానికల్ చదివి సాఫ్టువేరులో తేలిన లక్షలమందిలో నేనూ ఒకణ్ణి. ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర ఇద్దరు సహోద్యోగులతో కలిసి 26 అడుగుల పాత తెరచాప పడవ ఒకదాంట్లో వాటా ఉంది. గాలి లేనప్పుడూ, రేవులోకి వచ్చేటప్పుడూ వాడడానికి అందులో చిన్న డీజిల్ ఇంజను. దాన్నుంచి అంగుళం లావు స్టీలు షాఫ్టు పడవ అడుగు గుండా బయటికొచ్చి ప్రొపెల్లర్ని తిప్పుతుంది. ఆ బయటి కొసన షాఫ్టుని పట్టుకుని ఉండేది కట్‌లెస్ బేరింగు. చూడ్డానికి ఏమీ ఉండదు: ఒక ఇత్తడి గొట్టం, లోపల రబ్బరు, రబ్బరులో పొడవునా గాళ్ళు. బంతులుండవు, గ్రీజుండదు. గాళ్ళలోంచి పారే నీళ్ళే దానికి నూనె.

మా పడవని చూసే యార్డు వాళ్ళు మూడేళ్ళలో దీన్ని రెండుసార్లు మార్చారు. తీసేసిన పాతది చూపించండి మాస్టారూ అంటే, చెత్తలో పడేశామన్నారు. సర్వరు పడిపోయిందని రీస్టార్టు చేసి, లాగ్ ఫైళ్ళు చెరిపేసే వాణ్ణి మన ఆఫీసుల్లో ఏమంటాం? అరిగిన బేరింగే ఇక్కడ లాగ్ ఫైలు! చదవడం వస్తే జరిగినదంతా దానిమీదే రాసి ఉంటుంది. కొద్దికాలానికే చుట్టూ సమానంగా అరిగిందా? ఇసుక, బురద నీళ్ళైనా అయ్యుండాలి, షాఫ్టైనా వంగి ఉండాలి. ముందు కొసన ఒక పక్క, వెనక కొసన దాని ఎదురు పక్క అరిగిందా? ఇంజనూ షాఫ్టూ ఒకే గీతలో లేవన్నమాట.

మూడోసారి మేమే దగ్గరుండి తీయించాం. రెండు కొసల్లోనూ ఎదురెదురు పక్కలే అరిగి ఉన్నాయి!

"అరగడానికే కదండీ బేరింగు ఉన్నది" అంటారు. నిజమే. మెత్తటి రబ్బరు తను అరిగి ఖరీదైన షాఫ్టుని కాపాడుతుంది. కానీ ఏళ్ళ తరబడి నిలవాల్సింది ఏడాదిన్నరకి పోతే దాన్ని వయసు అనరు, రోగం అంటారు. పైగా బేరింగు ధర ఈ వ్యవహారంలో చిన్నది. పడవని గట్టెక్కించాలి, కప్లింగు విప్పి షాఫ్టు లాగాలి (చాలా పడవల్లో చుక్కాని అడ్డొస్తుంది, దాన్నీ దింపాలి), పాత గొట్టాన్ని హాక్సా బ్లేడుతో నిలువునా కోసి ఊడదియ్యాలి. అసలు బిల్లంతా ఈ చాకిరీదే. ఆ చాకిరీ మళ్ళీ మళ్ళీ పడుతుంటే ఎవరికి లాభమో నేను వేరే చెప్పాలా?

కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. కప్లింగు బోల్టులు విప్పి, రెండు ముఖాల మధ్య సందుని ఫీలర్ గేజితో చుట్టూ నాలుగు చోట్ల చూడాలి. కప్లింగు వ్యాసంలో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు తేడా దాటకూడదన్నది మామూలు లెక్క. 4 అంగుళాల కప్లింగుకి సుమారు 0.1 మిల్లీమీటరు. అదీ పడవ నీళ్ళలో ఉండగానే చెయ్యాలి, ఎందుకంటే గట్టుమీద దిమ్మల మీద నిలబెట్టిన ఫైబర్ పడవ ఆకారం నీళ్ళలోకి దిగాక కాస్త మారుతుంది. యార్డు వాళ్ళు పనంతా గట్టుమీదే ముగించి, బిల్లు చేతిలో పెట్టి దింపేస్తారు. ఇంకెప్పుడు కొలుస్తారు?

మేం కొలిస్తే తేలింది, ఇంజను ముందువైపు మౌంటు ఒకటి కుంగిపోయిందని. సరిచెయ్యడానికి పట్టింది రెండు స్పానర్లు, ఒక సాయంత్రం.

ఇది డబ్బు గోల మాత్రమే అయితే ఇంత ఆవేశపడను. కొట్టుకునే షాఫ్టు, లోపలికి నీళ్ళు రాకుండా ఆపే స్టర్న్ గ్లాండుని కూడా పాడుచేస్తుంది. అది వదులైతే పడవ అడుగున చిల్లు పడ్డట్టే. ఆ పడవలో మనుషులుంటారండీ!

తొలినాళ్ళ ప్రొపెల్లర్ ఓడల్లో లోహపు బేరింగులు చూస్తుండగానే అరిగిపోయేవి. జాన్ పెన్ అనే ఇంజినీరు మరో ఇత్తడి ముక్క వేసి ఊరుకోలేదు. లిగ్నమ్ వైటే అనే గట్టి చెక్క బద్దలు పెట్టి, వాటి మధ్య నీళ్ళు పారేలా చేసి 1854లో పేటెంటు తీసుకున్నాడు. 1920లలో చార్లెస్ షెర్వుడ్ అనే అమెరికా గని ఇంజినీరు, ఇసుక నీళ్ళు పంపు బేరింగులని తినేస్తుంటే రబ్బరు గొట్టం ముక్క పెట్టి చూశాడు. ఈ కట్‌లెస్ బేరింగు పుట్టింది అలాగే. ఎందుకు అరుగుతోందని ఆలోచించిన వాళ్ళు కనిపెట్టిన వస్తువుని, ఆ ప్రశ్నే అడగని వాళ్ళు అమ్ముకుంటున్నారు. వెరసి ఇదీ మన కాలం ఇంజినీరింగు.

కాబట్టి పడవైనా, స్కూటరైనా, ఇంట్లో మిక్సీ అయినా సరే, తీసేసిన ముక్క మీ సొత్తు. చేతికిమ్మని అడగండి. ఇవ్వనన్నవాడికి డబ్బులిచ్చే ముందు మరోసారి ఆలోచించండి.