లిస్టులో లేనోళ్ల లిస్టు

2024 జులై 18న తెలంగాణలో పంట రుణమాఫీ మొదటి విడత సొమ్ము ఖాతాల్లో పడింది. ఆ తర్వాత జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ రైతు వేదికకు పోయినా ఒకటే మాట: "లిస్టుల నా పేరు లేదు సారూ." వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) ట్యాబ్‌లో ఆధార్ నంబరు కొడతాడు. పేరుంటే ఉంది, లేకుంటే లేదు. ఎందుకు లేదో చాలాసార్లు ఆయనకూ కనిపించదు. "బ్యాంకుల అడుగు" అంటాడు. బ్యాంకాయన "మేం పంపినం, వ్యవసాయ ఆఫీసుల అడుగు" అంటాడు. ఇద్దరూ అబద్ధమాడడం లేదు. తప్పిపోయింది వాళ్లిద్దరి మధ్యన ఎక్కడో.

జులై 15న వచ్చిన జీవో 567 చదివితే ఆ మధ్య ఏముందో తెలుస్తుంది. 2018 డిసెంబర్ 12 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన, 2023 డిసెంబర్ 9 నాటికి బాకీ ఉన్న పంట రుణాలు బ్యాంకుల కంప్యూటర్లలో ఉంటాయి. భూమి వివరం పట్టాదారు పాస్‌బుక్కుల డేటాబేస్‌లో ఉంటుంది. కుటుంబానికి రెండు లక్షల వరకు మాఫీ అన్నారు కాబట్టి కుటుంబం ఏదో తేలాలి. దానికి పౌరసరఫరాల శాఖ దగ్గరున్న రేషన్ కార్డుల డేటాబేస్ ఆధారం. ఈ మూడూ ఒకరు కట్టినవి కావు, ఒక చోట పుట్టినవి కావు. వాటిని ఆధార్ నంబరుతో ముడేసి ఒకే ప్రశ్న అడగాలి: ఈ అప్పు ఎవరిది, వాళ్ల కుటుంబం ఏది, మొత్తం ఎంత?

ఇది సాంకేతికంగా గొప్ప విషయమేమీ కాదు. వేర్వేరు డేటాబేస్‌లను ఒకే క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ఒకే ప్రశ్నలో, కలిపే పద్ధతికి 2003 నాటికే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో కూడా, పక్క సర్వర్‌లోని పట్టికను మన పట్టికలాగే చూసే ఏర్పాటు పదేళ్ల కిందే వచ్చింది. కష్టమంతా ముడి వేసే చోట ఉంది.

ఇన్నర్ జాయిన్ అని ఒక పద్ధతి ఉంది. రెండు పట్టికల్లోనూ జత దొరికిన వరుసలనే అది చూపిస్తుంది. బ్యాంకు పట్టికలో వంద మంది ఉండి, వాళ్లలో ఎనిమిది మందికి రేషన్ కార్డు దొరకలేదనుకోండి, తొంభై రెండు వరుసలు వస్తాయి. ఎనిమిది పోయాయన్న హెచ్చరిక రాదు, ఎర్ర అక్షరాలు రావు. తొంభై రెండు చూసినవాడికి అవే వంద అనిపిస్తాయి. లెఫ్ట్ జాయిన్ అలా కాదు. బ్యాంకు పట్టికలోని వంద వరుసలనూ ఉంచి, జత దొరకని చోట ఖాళీ గడి వదులుతుంది. ఆఫీసులో ఏ క్వెరీ నడిచినా, ఊళ్లోకి వచ్చింది మాత్రం మొదటి రకం లిస్టు.

ఈ మూడు జిల్లాల్లో జత ఎందుకు తప్పుతుందో చూడాలంటే 2016 అక్టోబర్ 11కు పోవాలి. ఆ రోజు ఇవి జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌లోని గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుంచి వచ్చాయి, మిగతాది వరంగల్‌ది. భూపాలపల్లిలోని కాటారం, మహదేవపూర్, మల్హర్‌రావు కరీంనగర్‌వి. నల్గొండ నుంచి జనగామకు వచ్చిన గుండాల తర్వాత యాదాద్రి భువనగిరికి పోయింది. వెంకటాపురం, వాజేడు మండలాలదైతే మరీ విచిత్రం: ఖమ్మం నుంచి భూపాలపల్లికి, అక్కడి నుంచి 2019 ఫిబ్రవరి 17న ములుగుకు. మనిషి ఇల్లు కదల్లేదు, మూడేళ్లు నిండకుండానే మూడు జిల్లాల వాడయ్యాడు.

కలెక్టరేట్లు మారినంత తొందరగా బ్యాంకులు మారలేదు. జిల్లా సహకార బ్యాంకులు పాత జిల్లాల లెక్కనే నడిచాయి. గ్రామీణ బ్యాంకుల్లో వరంగల్ వైపు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ), కరీంనగర్ వైపు తెలంగాణ గ్రామీణ బ్యాంకు. అంటే ఒక్క భూపాలపల్లి జిల్లాలోనే కొన్ని ఊళ్ల అప్పులు ఒక కంప్యూటర్‌లో, కొన్ని ఊళ్లవి మరోదాంట్లో. ఆ రెండు బ్యాంకులూ రాష్ట్రంలో ఒకటైంది 2025 జనవరి 1న, మాఫీ లెక్కలు తేలాక. పైగా 2018లో తండాలు పంచాయతీలయ్యాయి. రెవెన్యూ గ్రామం పాతదే, పంచాయతీ కొత్తది. ఒక రికార్డులో ఊరి పేరు, ఇంకోదాంట్లో తండా పేరు.

"ఆధార్ ఉందిగా, ఊరి పేరుతో పనేంటి" అంటారు. ఆధార్ నంబరు ఒక్క అంకె తప్పుగా ఎక్కినా, అసలు ఎక్కకపోయినా, మిగిలేది పేరే. మహబూబాబాద్ తండాల్లో పేర్లతో మనిషిని పట్టుకోవడం ఎంత కష్టమో అక్కడ పనిచేసిన వాళ్లను అడగండి. బానోత్ అని ఒక చోట, బానోతు అని ఒక చోట. గుగులోత్, గుగులోతు, గూగులోతు. పాస్‌బుక్కులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. అందరూ "లచ్చమ్మా" అని పిలిచే మనిషి కార్డులో లక్ష్మి. ఒకే తండాలో అదే ఇంటిపేరు, అదే పేరు గలవాళ్లు ముగ్గురుంటారు. పుట్టిన తేదీతో తేల్చుదామంటే పెద్ద వయసు వాళ్లలో చాలామంది ఆధార్‌లో జనవరి 1నే పుట్టారు!

జత తప్పడం ఒక రకం నష్టం. తప్పు జత కుదరడం రెండో రకం. సమగ్ర వేదిక పేరుతో మన రాష్ట్రం దాదాపు 30 శాఖల డేటాను కలిపింది. పేరు, చిరునామా పోలికలతో ఇది ఫలానా మనిషే అని యంత్రం తేల్చేది. కారున్న వాడి పేరు పేదవాడి పేరుతో కలిస్తే పేదవాడి ఇంట్లో కారు పుడుతుంది, రేషన్ కార్డు రద్దవుతుంది. రద్దయిన లక్షలాది కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అదే రేషన్ కార్డు రెండేళ్ల తర్వాత రుణమాఫీకి కుటుంబం కొలబద్ద అయింది. ఒక క్వెరీలో పోయిన వరుస తర్వాతి క్వెరీలోనూ ఉండదు.

ఈ చిక్కు కంప్యూటర్ల వాళ్లకు కొత్తేం కాదు. 1969లో కెనడా గణాంక శాఖలో పనిచేసే ఇవాన్ ఫెలెగీ, అలన్ సంటర్ అనే ఇద్దరు, రికార్డులను జతచేయడానికి ఒక సిద్ధాంతం రాశారు. ఇప్పటికీ ఆ రంగంలో పునాది అదే. వాళ్లు జతలను మూడు కుప్పలు చేశారు: ఒకే మనిషివి, కానివి, చెప్పలేనివి. మూడో కుప్పను గుమాస్తా చేతికివ్వాలి, మనిషి కళ్లతో చూడాలి. మన దగ్గర ఆ కుప్ప ఉంది. దాన్ని ఎవరి బల్ల మీదా పెట్టలేదు, అంతే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. జీవోలోనే ఫిర్యాదులకు పోర్టల్, మండలాల్లో సహాయ కేంద్రాలు, 30 రోజుల గడువు పెట్టారు. రేషన్ కార్డు లేని కుటుంబాలను ఆ తర్వాత ఇళ్లకు పోయి నమోదు చేశారు. నవంబర్ 30న మహబూబ్‌నగర్‌లో ప్రకటించిన నాలుగో విడతలో మూడు లక్షలకు పైగా రైతులకు మాఫీ అయింది. కానీ జులై నుంచి నవంబర్ దాకా అంటే ఒక వానాకాలం పంట మొత్తం. నాట్లు అయిపోయాయి, వరి కోతలూ అయిపోయాయి. జారిపోయిన వరుసల సంగతి బయటపడటానికి రైతు పని మానుకుని వచ్చి, ఆధార్ జిరాక్సు పట్టుకుని, తానే అడగాల్సి వచ్చింది. తన పేరు ఏ ముడి దగ్గర జారిందో యంత్రానికి తెలుసు. అది అడగకుండానే చెప్పించొచ్చు.

ఇప్పుడు రైతుకు 11 అంకెల విశిష్ట సంఖ్య ఇస్తున్నారు. ఇక గోలే ఉండదంటున్నారు. నేను అంత తొందరగా నమ్మను. ఆ సంఖ్యకు ఆధారం భూమి రికార్డు. తెల్లకాగితం మీద సాదా బైనామాతో కొన్నవాడికి, కౌలుకు చేసేవాడికి రికార్డులో వరుసే లేదు. లెఫ్ట్ జాయిన్ కూడా వాళ్లను చూపించలేదు, ఎడమ పట్టికలోనే లేరు కాబట్టి. వాళ్లకు వేరే చట్టం, వేరే సర్వే కావాలి.

రికార్డుల్లో ఉన్నవాళ్ల సంగతి మాత్రం రేపే చేయొచ్చు. ఇంకో పథకం సొమ్ము పడేముందు, ఈ మూడు జిల్లాల కలెక్టర్లు ప్రతి రైతు వేదిక గోడకు రెండు కాగితాలు అంటించమనాలి. ఒకటి అర్హులది, అది ఎప్పుడూ అంటిస్తున్నదే. రెండోది జత కుదరని వాళ్లది: పేరు, ఊరు, ఆధార్ చివరి నాలుగంకెలు, పక్కన ఒక కారణం. "రేషన్ కార్డు దొరకలేదు." "పాస్‌బుక్కులో పేరు వేరు." "బ్యాంకులో ఆధార్ లేదు." కింద, సరిచేయాల్సిన ఉద్యోగి హోదా, తేదీ.