ప్రకటనశాలలో ఉమేదువారీ

పూర్వం కచేరీలలో జీతం లేకుండా పని నేర్చుకొనడాన్ని ఉమేదువారీ అనేవారు; నేడది ఇంటర్న్‌షిప్. 2020-21లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులో పదినెలల ఇంటర్న్‌షిప్ చేరింది. వ్యాపారప్రకటనల సంస్థకు వెళ్లిన గుంటూరు, ప్రకాశం విద్యార్థికి తరచు దక్కేది అనువాదమే. పురుగుమందుకో, పత్తివిత్తనానికో ఇంగ్లీషులో పుట్టిన పొగడ్తను అతడు తెలుగు చేస్తాడు. ఊరిగోడపై దానిని చదివేది బహుశః అతని తండ్రే.

1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చివేయగా ఈ సీమలోనే అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. అందుకు ప్రకటనలే కారణమనడం అన్యాయం. అయినా ‘గ్యారంటీ’ అన్న మాట ఇక్కడ వట్టి అలంకారం కాదు. మోసపుచ్చే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తయారీదారుకు పదిలక్షల రూపాయలవరకు జరిమానా పడవచ్చు. అతిశయోక్తి లక్షణం తరగతిలో వల్లించిన విద్యార్థికి, అది అబద్ధమయ్యే చోటు చూపవలసినది కళాశాలయా, సంస్థయా? ప్రస్తుతం ఇద్దరూ చూస్తున్నది సర్టిఫికెట్టునే.