రహదారియు పొరుగువాడును

మన తెలుగుదేశపు తూర్పు సీమ నంతటిని, ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు, ఒక్క బాట కలుపుచున్నది. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు ఈ మార్గమునకు పూర్వులు గ్రేటు నార్తర్న్ ట్రంకు రోడ్డని పేరిడిరి. పిమ్మట నిది అయిదవ నంబరు జాతీయ రహదారి యయ్యెను. 2010వ సంవత్సరమున నంబరులు మార్చినపుడు పదునాఱవ దయ్యెను. దీని నిడివి సుమారు 1,700 కిలోమీటర్లు. అందు వేయికి పైగా ఆంధ్రప్రదేశమునందే కలవు. వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న - ఈ నదుల నన్నిటిని దాటించు బాట యిది. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తాలను కలుపు 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో నిదియు నొక భుజము.

ఇంకను సముద్రమునకు చేరువగా పోవునది 216వ నంబరు దారి. అది కత్తిపూడివద్ద చీలి కాకినాడ, అమలాపురము, నరసాపురము, మచిలీపట్టణము, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు చేరుచున్నది. కొబ్బరితోటలను, గోదావరి పాయలను చూడగోరువారి కింతకంటె మంచి దారి లేదు. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు తీరపు దారియు నట్టిదే. ఒకవైపున కెరటములు, వేఱొకవైపున తొట్లకొండ, బావికొండల బౌద్ధ శిథిలములు, ఆవల ఎఱ్ఱమట్టి దిబ్బలు. ఈ దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది.

ఇట్టి దారులు మనకు గర్వకారణములే. అయినను రహదారి మేలిమిని వేగముచేతనే కొలుచుట తగదని మా యభిప్రాయము. జాతీయ రహదారులు దేశమునందలి దారు లన్నిటిలో నూటికి రెండు పాళ్లు మాత్రమే. 2022వ సంవత్సరమున దేశమున దారి ప్రమాదములవలన మరణించిన 1,68,491 మందిలో 61,038 మంది ఈ రహదారులమీదనే ప్రాణములు విడిచిరి. ఆ యేటి మరణములలో నూటికి డెబ్బదికి పైగా అతివేగమువలన కలిగినవే. మృతులలో నించుమించు అయిదవవంతు కాలినడకవారు.

కాలినడకవా రనగా నెవరు? దారి కీవల నిల్లును, ఆవల బడియు గల బిడ్డలు. చేపల గంప తలనెత్తుకొని సంతకు పోవు తల్లులు. పొలమునుండి మరలు కూలివారు. వేగము తగ్గినచో వ్యాపారము చెడునని కొంద ఱందురు. రొయ్యలును, పండ్లును త్వరగా రేవు చేరవలెననుట నిజమే. రోగిని ఆసుపత్రికి చేర్చుటకును మంచి దారియే కావలెను. మేము దారిని వల దనుట లేదు. ఊరిని రెండుగా చీల్చినపుడు, దాటుటకు వంతెనయో, క్రిందుగా మార్గమో దారితో పాటే కట్టవలె ననుచున్నాము. ప్రాణములు పోయిన పిదప కట్టుట ఆలస్యము. తీరపు దారులమాట వేఱు. అవి చూచుటకును, నడచుటకును ఏర్పడినవి; వానిని వెడల్పు చేసి పందెపు బాటలుగా మార్చుట, దేనిని చూడవచ్చితిమో దానినే పోగొట్టుకొనుట.

ప్రభుత్వము చేయవలసినది కొంత, మనము చేయవలసినది కొంత. గాయపడినవానిని చూచియు, సాక్ష్యమునకు పిలుతు రను భయముచే తొలగిపోవువారు పెక్కండ్రు. ఆ భయ మిక నక్కఱలేదు. 2019వ సంవత్సరపు మోటారు వాహనముల సవరణ చట్టము సదుద్దేశముతో సాయపడినవానికి రక్షణ కల్పించినది. తన పేరు చెప్పుమని వానిని నిర్బంధింపరాదు. యెరికో దారిలో పడియున్నవానిని ఆదరించిన సమరయుని పేరే ఆ చట్టమునందు వానికి పెట్టబడినది.

విద్యార్థులారా, జాతీయ రహదారులపై సాయమునకు 1033, అంబులెన్సునకు 108 అను సంఖ్యలను కంఠస్థము చేయుడు. తలిదండ్రులారా, ఈడు రాని కుమారునికి మోటారుబండి నీయకుడు. బండి నెక్కువా డెవడైనను శిరస్త్రాణము ధరించునట్లు చూడుడు. దారి ఎంత దూరము పోయినను దాని ప్రక్కన మన పొరుగువా డున్నాడు. వానిని క్షేమముగా దాటనిచ్చు దారియే గొప్ప దారి.