చువ్వ ఎక్కడ ఉండాలి?

హైదరాబాదుకు ఉత్తరాన శామీర్‌పేట వైపున్న దేవరయాంజాల్ ఒకప్పుడు పొలాల నడుమ, సీతారాముల గుడి చుట్టూ బతికిన పల్లె. నగరం పెరిగి అక్కడిదాకా చేరింది. ఇప్పుడా పరిసరాలలో పునాదులు, స్తంభాలు, స్లాబులు లేస్తూనే ఉంటాయి. నిర్మాణశాస్త్ర విద్యార్థికి ఇంతకు మించిన ప్రయోగశాల అరుదు. అయినా పదార్థాల బలం అనే పాఠం చాలాచోట్ల నల్లబల్ల మీదనే మొదలై అక్కడే ముగుస్తున్నది.

ప్రతిబలం, వికృతి, యంగ్ గుణకం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే పరిచయమవుతాయి. ఇంజనీరింగ్‌లో వాటి ఆధారంగా దూలం వంగే తీరును రేఖలుగా గీస్తారు, సూత్రాలలో అంకెలు వేస్తారు. మార్కులు వస్తాయి. కాని ఆ విద్యార్థినే కిటికీ మీది సన్‌షేడులో ఇనుప చువ్వలు పైన ఉండాలా, అడుగున ఉండాలా అని అడిగితే తడబడవచ్చు.

ఇది చిన్న ప్రశ్న కాదు. కాంక్రీటు నొక్కే బలాన్ని బాగా ఓర్చుకుంటుంది. లాగే బలాన్ని అందులో సుమారు పదో వంతు మాత్రమే తట్టుకుంటుంది. రెండు చివరలా ఆనిన దూలంపై బరువు పడితే నడిమి అడుగుభాగం సాగుతుంది. అందుచేత చువ్వలు అడుగున వేస్తారు. ఒక చివర మాత్రమే గోడలో బిగిసిన సన్‌షేడు కిందికి వంగేటప్పుడు దాని పైభాగం సాగుతుంది. చువ్వలు పైన ఉండాలి. కాంక్రీటు పోసేవేళ పనివారి కాళ్ల కింద పడి అవి అడుగుకు దిగిపోతే, సెంట్రింగు విప్పిననాడే సన్‌షేడు విరిగిపడవచ్చు. ఇనుము తగ్గలేదు, సిమెంటు తగ్గలేదు. చువ్వ స్థానం మారింది, అంతే. కింద నిలిచిన మనిషికి ఆ తేడా ప్రాణాంతకం.

రాయి కూడా లాగే బలానికి ఓర్వదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోనూ, 1213 నాటి పాలంపేట రామప్ప గుడిలోనూ రాతి దూలాల కింద స్తంభాలు దగ్గరదగ్గరగా నిలిచాయి. ఆ శిల్పులకు రాతి స్వభావం చేతికి తెలుసు.

అలాగని సూత్రం అక్కరలేదనడం తొందరపాటే. 50 మిల్లీమీటర్ల మందం, 150 మిల్లీమీటర్ల వెడల్పు గల పలకను పడుకోబెట్టి వాడినదానికంటే నిలబెట్టి వాడితే మూడు రెట్ల బరువు మోస్తుంది. ఈ లెక్క సూత్రమే చెప్పాలి. అయితే సూత్రమూ పొరబడుతుంది. గెలీలియో 1638లో వెలువరించిన గ్రంథంలో దూలం బలాన్ని లెక్కగట్టాడు. లోతు వర్గాన్ని బట్టి బలం పెరుగుతుందని సరిగానే గ్రహించాడు. కాని లోపలి బలాలు పంచుకునే తీరును తప్పుగా ఊహించి, స్థితిస్థాపక దూలానికి రావలసినదానికి మూడు రెట్ల విలువ చూపాడు. తరువాత మారియట్ కర్రలను నిజంగా విరిచి చూడగా ఆ అంచనా హెచ్చని తేలింది.

కళాశాలల్లో యంత్రాలు లేవని కాదు. ఒకరు చేస్తుంటే పదిమంది చూసి రికార్డు నింపుకోవడమే లోపం. ప్రతి విద్యార్థీ 150 మిల్లీమీటర్ల కాంక్రీటు ఘనాలు రెండు స్వయంగా పోయాలి; ఒకదానికి తగినన్ని నీళ్లు, మరొకదానికి అధికంగా. ఎం 20 రకం కాంక్రీటు ఘనం 28 రోజులకు సుమారు 45 టన్నుల బరువును తట్టుకోవాలి. రెండవది ఎంతకు నలిగిందో అతడే చూసి రాసుకోవాలి. ఇక పరీక్షలో సూత్రాన్ని నిరూపించమనే ప్రశ్న పక్కనే, సన్‌షేడు బొమ్మ ఇచ్చి చువ్వలు గీయమనే ప్రశ్న ఒకటి తప్పనిసరిగా చేర్చాలి.