ఎలుకలకును తోడు కావలెను

'పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము' అను సామెత తెలుగునాట బాలురకును తెలియును. ధాన్యము కాజేయు ప్రాణి గనుక ఎలుకపై రైతునకు జాలి యుండదు. ఉండవలెనని కోరుటయు న్యాయము కాదు. అయితే ఇంగ్లండు దేశమున ఎలుక పెంపుడు జంతువై పిల్లల చేతులలో పెరుగుచున్నది. అచట పిల్లి భయము లేకున్నను, మనుష్యుని చెలగాటమే దానికి సంకటమగు సందర్భ మొకటి కలదు. అది కలిసి పెరిగిన గుంపును విడదీయుట.

ఈ పెంపకము నిన్న మొన్నటిది కాదు. విక్టోరియా రాణి కాలమున లండను నగరములో ఎలుకలు పట్టు వృత్తిగల జాక్ బ్లాక్ అనునతడు, వింత రంగులు గలవానిని చంపక పెంచి, వాని సంతతిని విక్రయించుచుండెను. 1901లో మేరీ డగ్లస్ అను మహిళ చొరవతో, ఐల్స్‌బరీ పట్టణమున జరిగిన చిట్టెలుకల ప్రదర్శనలో పెంపుడెలుకలకును చోటు దొరికెను. బాలల కథలకు ప్రసిద్ధురాలైన బియాట్రిక్స్ పాటర్, తాను పెంచిన సామీ అను ఎలుక స్మృతికి 1908లో వెలువడిన తన పుస్తకము నంకితమిచ్చెను. 1976లో పెంపకందారులకు జాతీయ సంఘమే ఏర్పడెను.

ఎలుక ఒంటరి ప్రాణి కాదు. కలిసి పెరిగినవి ఒకదానిపై నొకటి ఒరిగి నిద్రించును. ఒకదాని మెడను మరియొకటి శుభ్రము చేయును. మనుష్యుని చెవికి వినరాని సన్నని ధ్వనులతో పలుకరించుకొనును. 2011లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. కలిసి నివసించిన రెండెలుకలలో ఒకదానిని ఇరుకు గొట్టమున బంధించి, రెండవదానిని వెలుపల విడిచిరి. వెలుపలి ఎలుకలలో పెక్కు తమంతట తామే తలుపు తెరచుట నేర్చి తోటిదానిని విడిపించినవి. చాక్లెటు పలుకులున్న గొట్టమును చెంతనే యుంచినప్పుడు, రెండు గొట్టములను తెరచి, తోటిదానికిని పాలు మిగిల్చినవి. దీనికి కారణము దయయా, సహవాసమందలి యాశయా అని పండితులు వాదింపవచ్చును. తోడు వానికి విలువైనదనుటలో మాత్రము వాదము లేదు.

యజమాని జబ్బుపడుటయో, ఇల్లు మారుటయో, ఆడ మగ గుర్తింపక కలిపి పెంచుటయో కారణముగా ఇట్టి గుంపులు దిక్కులేనివగుచుండును. ఎలుకకు గర్భకాలము మూడు వారములే. ఒక్క ఈతలో ఎనిమిది పది పిల్లలు పుట్టుట సామాన్యము. శాశ్వతమైన ఇల్లు దొరకువరకు ఈ గుంపులను తమ యింట నుంచి పోషించు దయాళువులు కలరు. వారి యొద్దకు వచ్చువారిలో కొందరు, "ఆ చిన్నది, బూడిద రంగుది, అదొక్కటి చాలును" అందురు. వారు క్రూరులు కారు. ఒంటరిదైనచో తమ బిడ్డకు మరింత మాలిమి యగునని వారి తలంపు. కాని బిడ్డ పగలు బడికి పోవును, రాత్రి నిద్రపోవును. ఎలుక ముఖ్యముగా రాత్రి మేల్కొనునది. ఆ రాత్రి యంతయు దానికి తోడెవ్వరు?

విడదీసినచో అన్నిటికిని త్వరగా ఇండ్లు దొరకునని వాదించువారు కలరు. ఈ వాదమున కొంత నిజము కలదు. ఆశ్రయమిచ్చు ఇండ్లు కొన్నియే, ఖర్చును తక్కువ కాదు. కాని చిన్నవి, చక్కనివి ముందుగా పోయి, ముసలిది, రోగిష్ఠిది చివరకు ఒంటరిగా మిగులును. ముదిరిన ఎలుకను క్రొత్త గుంపులో చేర్చుట సులభము కాదు. మగవి గాయపడునంతగా పోరాడుట కలదు. గుంపు మిక్కిలి పెద్దదైనచో భాగించుట తప్పకపోవచ్చును. అప్పుడైనను ఏది దేని ప్రక్కన నిద్రించుచున్నదో, ఏది దేనిని వెదకుచున్నదో గమనించి, జంటలుగా నైనను పంపవలెను. తాత్కాలికముగా పోషించువారి పని మేత వేయుటతో ముగియదు. ఈ గమనికయే వారి ముఖ్య ధర్మము. స్విట్జర్లండు దేశము 2008 నాటి నిబంధనలలో ఎలుకలను కనీసము రెండింటినైనను కలిపి పెంచవలెనని శాసించినది. అచట ఇది దయకు విడువబడిన విషయము కాదు.

ఎలుక ఆయుర్దాయము రెండు మూడేండ్లు. కలిసి వచ్చినవి కలిసి పోవు. ఏదో యొకటి చివర మిగులును. దానికొక తోడును ఓర్పుతో చేర్చుటయా, అట్టి గుంపు కలవారికప్పగించుటయా అనునది పెంపకమునకు ముందే ఆలోచింపదగినది.

తరగతి గదిలో ఉపాధ్యాయుడు ఎలుక దంతములను, తోకను, సంతానమును గూర్చి బోధించును. దాని సహవాసమును గూర్చి యొక్క మాట చేర్చినచో ఆ పాఠము పూర్తియగును. అట్టి పాఠము విన్న బాలుడు కుక్కపిల్లనైనను, పిట్టనైనను ఇంటికి తెచ్చుకొనబోవునాడు, దాని రంగును చూచుటకు ముందు, "ఇది ఇంతవరకు ఎవరి ప్రక్కన నిద్రించినది?" అని యడుగును.