దాణా గింజ, తిండి గింజ: చీటీలో తేడా చూపాలి

మొక్కజొన్న, జొన్న, సజ్జ బేరాల్లో దాణా రకానికీ తిండి రకానికీ ధరలో వ్యత్యాసం ఎప్పుడూ ఉండేదే. ఆ వ్యత్యాసం పెరిగినప్పుడల్లా చవక సరకు కిరాణా కొట్లవైపు, పిండిమరలవైపు జరిగే అవకాశమున్నదని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. పురుగు లేకుండా, రంగు తగ్గకుండా ఉంటే కోడి తినే గింజైనా మనిషి తినే గింజైనా ఒకటేనన్న వాదన ఒకటున్నది. గింజకు పట్టించిన మందు సంగతి చూస్తే ఈ వాదన నిలవదు.

దాణాకు బూజు పట్టకుండా వాడే మందుల్లో ముఖ్యమైనవి ప్రొపియానిక్ ఆమ్లం, దాని కాల్షియం లవణం. మన ప్రాంతంలో గింజను ఎండబెట్టి తేమను 14 శాతానికి దించి అమ్మడం పద్ధతి. మందు కలిపేది సాధారణంగా దాణా మిల్లులోనే. అమెరికా, ఐరోపా దేశాల్లో మాత్రం ఎండబెట్టే ఖర్చు తప్పించుకునేందుకు పచ్చి గింజకే ఆమ్లం చల్లి నిలవ చేసే రైతులున్నారు. తేమను బట్టి గింజ బరువులో సుమారు అర శాతం నుంచి ఒక శాతం పైచిలుకు వరకు పడుతుంది. అలాంటి సరకును అక్కడ పశువుల మేతకే పరిమితం చేస్తారు. ఖరీఫ్ మొక్కజొన్న వానల్లో తడిసి యార్డుకు చేరే మన వర్తకులకు ఈ మందు మీద ఆశ పుట్టడం సహజమే. ఇథనాల్ గిరాకీ మూలంగా 2024లో మొక్కజొన్న దిగుమతులు పెరిగిన సంగతీ విదితమే. కాబట్టి ఇది పరాయి దేశపు సమస్య అనుకోవడానికి వీలులేదు.

అంబలి కుండలో జరిగేదేమిటి? రాగి, జొన్న పిండిని రాత్రి నీళ్లలో కలిపి ఉంచితే తెల్లవారేసరికి పులుస్తుంది. బయటినుంచి ఎవరూ ఏమీ వేయరు. గింజను అంటిపెట్టుకుని ఉన్న సూక్ష్మజీవులు, కుండకు పట్టిన పాత పులుపు ఆ పని చేస్తాయి. గింజకు ఆమ్లం పట్టిస్తే మొదట దెబ్బ తగిలేది ఈ జీవులకే. పైగా ఈ ఆమ్లానికొక గుణం ఉన్నది: పులుపు పెరిగేకొద్దీ దాని పదును పెరుగుతుంది. పీహెచ్ 6.5 దగ్గర నూటికి రెండు పాళ్లు మాత్రమే పనిచేసే రూపంలో ఉంటే, 4.9కి దిగేసరికి సుమారు సగం ఆ రూపంలోకి వస్తుంది. పిండి పులవడం మొదలైన కొద్దీ మందు గట్టిగా అడ్డుపడుతుందన్నమాట. పులుపు పూర్తిగా ఆగిపోకపోవచ్చు. పాల పులుపు కలిగించే జీవులు బూజుకంటే మొండివి. కాని పులుపు ఆలస్యమై, అరకొరగా ఉండి, వాసన మారుతుంది. ఇల్లాలు నీళ్లను, చలిని తప్పుపడుతుందే తప్ప బస్తాను అనుమానించదు.

బేకరీ రొట్టెలోనూ ఇదే లవణం వాడతారు గదా, అది పొంగడం లేదా అని అడిగేవారున్నారు. రొట్టెలో ఈస్టును విడిగా, దండిగా వేస్తారు. ఈస్టు ఈ మందుకు అంత లొంగదు కూడా. అంబలికి ఆ ఆసరా లేదు. డిస్టిలరీ వారూ ఈస్టు వేసుకుంటారు, సరకును పరీక్షించడానికి ప్రయోగశాల ఉంటుంది. వంటింట్లో రెండూ లేవు.

పులవకపోవడం ఒక్కటే అయితే ఇంత రాయవలసిన పని లేదు. మందు బూజును ఆపుతుందేగాని, అంతకుముందే పుట్టిన అఫ్లాటాక్సిన్ విషాన్ని తొలగించదు. తడి సరకు వారం రోజులు కుప్పలో మగ్గిన తర్వాత ఆమ్లం చల్లితే పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. ఆ ఉదంతాన్ని పరిశోధించినది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే. తెలుగు వర్తకులకు ఇది దూరపు కథ కారాదు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. గోదాముల్లో పురుగు మందు బిళ్లలు పెట్టినందువల్ల పిండి పులవదనడం సరికాదు. ఆ వాయువు పురుగును చంపుతుంది, సరిగా గాలి తగిలితే వెళ్లిపోతుంది. విత్తన శుద్ధి చేసి రంగు వేసిన గింజ సంగతి వేరు. అది ఏ ధరకూ తిండికిగాని దాణాకుగాని పనికిరాదు. 1971-72లో ఇరాక్‌లో పాదరసపు మందు పట్టించిన విత్తన గోధుమలను రొట్టెలు చేసుకు తిని 459 మంది ఆస్పత్రుల్లో చనిపోయారు. రంగు కడిగితే మందు పోతుందని వారిలో కొందరు నమ్మారు.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. మందు పట్టించిన లాటుకు బస్తా మీద ముద్ర, చీటీలో ఒక్క మాట ఉంటే చాలు. కమిషన్ ఏజెంటు ఆ మాట రాయించి తీసుకోకపోతే, తర్వాత వచ్చే పేచీలో కొన్నవాడి ముందు నిలబడవలసింది తానే. ఈ షరతు వల్ల దాణా రకం ధర ఇంకొంత తగ్గవచ్చునని కొందరు జంకుతున్నారు. తగ్గితే తగ్గనీయండి, కోళ్ల ఫారాల గిరాకీ ఎక్కడికీ పోదు.

అనుమానం వచ్చిన లాటు నుంచి వంద గింజలు ఏరి తడి గుడ్డలో మూడు నాలుగు రోజులు ఉంచి చూడవచ్చు. ఆమ్లం పట్టిన గింజ మొలకెత్తదు. అయితే డ్రయ్యరులో మరీ వేడి తగిలిన గింజ కూడా మొలవదు. కనుక మొలక రాకపోతే బేరం రద్దు చేసుకోనక్కరలేదు, ఎండబెట్టిన తీరు మాత్రం అడగాలి. దానితోపాటు రెండు గిన్నెల్లో పిండి కలిపి, ఒకదానిలో నమ్మకమైన సరకు, మరొకదానిలో ఈ సరకు వేసి రాత్రికి ఉంచితే తేడా ఉదయానికల్లా ముక్కుకే తెలుస్తుంది.