భృతి భిక్ష కాదు, బాకీ!

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ఊరూరా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నరు. ధరూర్‌ల మేమూ వరుసల నిలబడ్డం. చేతిల ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు. చంకల డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు. జిందగీల మొదటిసారి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెడుతున్నమని మా సంబురం. ఫారం అటూ ఇటూ తిరగేసినం. మహాలక్ష్మి ఉన్నది. రైతు భరోసా, ఇందిరమ్మ ఇండ్లు, గృహజ్యోతి, చేయూత ఉన్నయి. నిరుద్యోగికి కాలమ్ లేదు!

ఇందిరమ్మ ఇండ్ల కింద ఉద్యమకారుల వివరాలు మాత్రం అడిగినరు. ఎఫ్‌ఐఆర్ నంబర్ రాయాలె, జైలు వివరం రాయాలె. మా జైలుకు ఫారంల జాగ దొరికింది, మా డిగ్రీకి దొరకలేదు. ‘నీదైందా బిడ్డా?’ అని వెనక నిలబడ్డ పెద్దమనిషి అడిగితే ఏం చెప్పాలె?

ఇది ఒక్క సర్కారు పాపం కాదు. 2018 ఎన్నికలప్పుడు నెలకు 3,016 రూపాయలు ఇస్తమని టీఆర్ఎస్ చెప్పింది. 2019 ఫిబ్రవరి ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌ల 1,810 కోట్లు చూపింది. నిరుద్యోగి ఖాతాల పైసా పడలేదు. పోనీ, కొలువులన్న ఇచ్చిండ్రా? లక్షా 91 వేల పోస్టులు ఖాళీ ఉన్నయని వాళ్లు వేసిన పీఆర్సీయే తేల్చింది. 503 పోస్టుల గ్రూప్-1 ప్రిలిమ్స్ 2023ల రెండుసార్లు రద్దయింది. అదే ఏడు మే 8న సరూర్‌నగర్‌ల కాంగ్రెస్ యూత్ డిక్లరేషన్ 4,000 అన్నది. గెలిచినంక ఊర్లకు తెచ్చిన మొదటి ఫారంల ఆ మాటే లేదు.

భృతి ఇస్తే పోరగాళ్లు సోమరులైతరని కొందరు మేధావుల వాదన. జర జూరాల దాటి ఎగువకు చూడుండ్రి. మా పక్కనే ఉన్న రాయచూరు జిల్లా పిల్లలకు కర్ణాటక సర్కారు 2024 జనవరిల యువనిధి మొదలుపెట్టింది. డిగ్రీ అయితే 3,000, డిప్లొమా అయితే 1,500. పాసై ఆరునెలలు కొలువు దొరకనోళ్లకే. రెండేండ్లు మించదు. కొలువు వస్తే బంద్. ఇందుల సోమరితనం ఏడున్నది?

ఈ హక్కు కూలోళ్లకు కొత్త కాదు. పని అడిగిన 15 రోజుల్ల చూపకుంటే భృతి కట్టాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసింది. మొదటి 30 రోజులు కూలిల కనీసం నాలుగో వంతు, తర్వాత సగం. తొలి విడత 200 జిల్లాలల్ల మన పాలమూరు ఉండె. కానీ కిటుకంత రసీదుల ఉన్నది. అడిగిన తేదీతోని రసీదు చేతిల లేకుంటే, ఆ 15 రోజులు ఎన్నడు మొదలైనట్టు? ఎవరిని నిలదీస్తం?

మేం భృతి కోసం కొట్లాడలేదు. 2011 సకల జనుల సమ్మెల 42 దినాలు రోడ్ల మీద ఉన్నది నీళ్లు, నిధులు, నియామకాల కోసం. 1985 నాటి 610 జీవోను అటకెక్కించిండ్రనే కదా మన కడుపుమంట? నియామకం చేతికొచ్చేదాకా భృతి సర్కారు కట్టాల్సిన బాకీ. ఆలస్యం చేసినోడే వడ్డీ కట్టాలె.

అందుకే మా డిమాండ్లు మూడే. భృతికి ఫారం పెట్టాలె. తేదీ వేసి రసీదు ఇయ్యాలె. కాదంటే కారణం రాసియ్యాలె. ఫారం రాలేదని కూసోవద్దు. విద్యార్థులారా, వచ్చే గ్రామసభల తెల్లకాయితం మీదనే రాసిద్దాం. ఉద్యోగ సంఘాల అన్నలారా, సమ్మెల మీ ఎంబడి మేం నడిచినం. ఇప్పుడు మా దరఖాస్తు ఎంబడి మీరు నిలబడుండ్రి. ముద్ర పడేదాకా వరుస కదలొద్దు.

జై తెలంగాణ!